యాభై అంతస్తులు ఎక్కడ కట్టాలి?

(హైదరాబాదులో కాలనీవాసుల సమావేశంలో ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సైట్లలో కాంక్రీటు మిక్సర్ల పక్కన నిలబడి అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది. మైకు ఉన్నా అరుస్తాను, ఏమీ అనుకోకండి.

నిర్వాహకులు నాకు ఇచ్చిన ప్రశ్న ఇది. పెరుగుతున్న హైదరాబాదు ఇంకా ఎత్తైన భవనాలు కట్టాలా, వద్దా? కట్టాలంటే బిల్డర్ల మనిషి అంటారు. వద్దంటే చాదస్తం అంటారు. అందుకని నా సంగతి ముందే చెప్పేస్తాను. ఎత్తు మీద నాకు కోపం లేదు, భవనాలు నిలబెట్టడమే నా వృత్తి. నా ఫిర్యాదు వేరు. ఎత్తు కట్టాల్సిన చోట మనం కట్టడం లేదు. రైలు లేని చోట, నీళ్లు చాలని చోట కడుతున్నాం. ఇలా ఎందుకు జరిగింది? ఎవరో నలుగురు గదిలో కూర్చుని పన్నిన కుట్ర కాదు. మనం రాసుకున్న నియమాలే ఇలా చేయించాయి. అది ఎలాగో చెబుతాను, కాస్త లెక్కలు ఉంటాయి, ఓపిక పట్టండి.

ముందు అసలు కట్టగలమా అన్న మాట తేల్చేద్దాం. కట్టగలం. హైదరాబాదులో మరీ సులువుగా కట్టగలం. మన కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కలకత్తాలోనో, బ్యాంకాక్‌లోనో పునాది అంటే మెత్తటి మట్టిలోకి లోతుగా పైళ్లు, అంటే కాంక్రీటు స్తంభాలు, దింపాలి. మనకు చాలా చోట్ల కాస్త తవ్వితే రాయి తగులుతుంది. భూకంపాల పటంలో చాలాకాలంగా మనది తక్కువ ప్రమాదమున్న రెండో జోను. ఇక్కడ ఎత్తైన భవనానికి డిజైన్ చేసేటప్పుడు ఇంజనీరుకు నిద్ర పట్టనివ్వనిది భూకంపం కాదు, గాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి తోపుడు పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఆ తోపుడును తట్టుకునే కాంక్రీటు గోడలు, షియర్ వాల్స్ అంటాం, అవి పెరుగుతాయి, స్టీలు పెరుగుతుంది. 50 మీటర్లు దాటిన కాంక్రీటు భవనాల కోసం 2017లో ఐఎస్ 16700 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే తెచ్చారు. అది 250 మీటర్ల దాకా వర్తిస్తుంది. పడమటి శివారు కోకాపేటలో లేచిన 57 అంతస్తుల నివాస భవనం 235 మీటర్ల దాకా ఉంది. అంటే ఆ ప్రమాణం పై అంచుకు దగ్గరగా వచ్చేశాం. ఒకప్పుడు ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలకు ఎత్తైన భవనం చూపించాలంటే బషీర్‌బాగ్ తీసుకెళ్లి బాబూఖాన్ ఎస్టేట్ చూపించేవాళ్లం. గుర్తుందా మీలో ఎవరికైనా? ఉంది కదా.

భవనం ఊగుతుందా అని నన్ను అందరూ అడుగుతారు. ఊగుతుంది. ఎంత ఊగాలో ముందే లెక్క కట్టి మరీ కడతాం. 2021 మేలో చైనాలోని షెన్‌జెన్‌లో దాదాపు 300 మీటర్ల ఎస్ఈజీ ప్లాజా ఉన్నట్టుండి ఊగడం మొదలుపెట్టింది. లోపలివాళ్లు, చుట్టుపక్కల జనం పరుగులు తీశారు. చివరికి తేలింది ఏమిటంటే, పైన ఉన్న పొడవాటి స్తంభాలు గాలికి కంపించి మొత్తం భవనాన్ని కదిలించాయి. ఆ స్తంభాలు తీసేశారు, సరిపోయింది.

కాబట్టి కూలిపోతుందేమో అన్న భయం పక్కన పెట్టండి. మరో భారం ఉంది, అది కంటికి కనపడదు. పై అంతస్తులవాళ్లకు వెళ్లే లిఫ్టులు, నీటి పైపులు, కేబుళ్లు, రెండు మెట్ల దారులు కింది అంతస్తులన్నిటి మధ్య నుంచీ వెళ్లాలి. పైన పది అంతస్తులు కలిపితే కింద ప్రతి అంతస్తులోనూ కొంత చోటు పోతుంది. ఒక ఎత్తు దాటాక ఇక ఆ ఎత్తు గొప్పకే. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. అందులో మనిషి ఉండగలిగిన ఆఖరి అంతస్తు పైన 244 మీటర్లు ఉత్త శిఖరం. ఆకాశహర్మ్యాల పిచ్చి ముదిరిన చైనాయే 2021లో 500 మీటర్లు దాటి కట్టవద్దని ఉత్తర్వు ఇచ్చింది, 30 లక్షల లోపు జనాభా ఉన్న నగరాల్లో 150 మీటర్లకే కళ్లెం వేసింది. ఆ మాట ఇంతటితో వదిలేద్దాం, మనం ఇంకా అంత దూరం వెళ్లలేదు.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను. 2006 మార్చిలో హైదరాబాదుకు 86 నంబరు జీవో వచ్చింది. దానితో ఎఫ్ఎస్ఐ పరిమితి పోయింది. ఎఫ్ఎస్ఐ అంటే మీకు తెలుసు, స్థలం ఎంత ఉంటే దానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టవచ్చు అన్న లెక్క. ముంబయిలో 1964 నుంచీ ఈ లెక్క ఉంది, దక్షిణ ముంబయిలో దాన్ని 1.33 దగ్గర బిగించి కూర్చున్నారు. జనం పెరిగారు, కట్టడానికి వీల్లేదు, ధరలు ఏమవుతాయి? ముంబయిలో మధ్యతరగతి మనిషి ఎంత గదిలో ఉంటాడో చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. హైదరాబాదు ఆ తప్పు చేయలేదు. ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు ఇక్కడ రెండు పడకగదుల ఇల్లు కొనుక్కోగలిగాడంటే అందులో ఆ జీవోకూ వాటా ఉంది. ఎత్తును తిట్టేవాళ్లు ఈ మాట మరిచిపోతారు. నేను మరవను.

కానీ ఎఫ్ఎస్ఐ తీసేసి దాని బదులు ఏం పెట్టారు? సెట్‌బ్యాక్ పెట్టారు. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ ఎక్కువ ఖాళీ వదలాలి, ముందున్న రోడ్డు ఎక్కువ వెడల్పు ఉండాలి. 2012 నాటి 168 జీవో ప్రకారం భవనం 50 మీటర్లు దాటితే చుట్టూ 16 మీటర్లు వదలాలి, ముందు 30 మీటర్ల రోడ్డు ఉండాలి. వినడానికి బాగానే ఉంది కదా? గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, ఫైరింజను తిరుగుతుంది. మంచిదే.

ఇప్పుడు కాగితం మీద ఒక ఎకరం గీయండి. చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు. ఇటు 16, అటు 16 తీసేస్తే మిగిలింది 32. 32 ఇంటూ 32 అంటే ఎకరంలో పావు వంతు. పావు ఎకరంలో టవరు, ముప్పావు ఎకరం ఖాళీ! ఎకరం స్థలానికే ఇలా ఉంటే అరెకరం సంగతి చెప్పనక్కరలేదు. అందుకే బిల్డరుకు ఐదెకరాలు, పదెకరాలు ఒకే ముక్కగా కావాలి. అమీర్‌పేటలో ఐదెకరాల ముక్క చూపించండి నాకు. దిల్‌సుఖ్‌నగర్‌లో చూపించండి. నారాయణగూడలో 30 మీటర్ల రోడ్డు మీద ఖాళీ స్థలం చూపించండి. లేవు. ఎక్కడ ఉన్నాయి? ఊరి చివర ఉన్నాయి. పైగా బేగంపేట విమానాశ్రయం చుట్టుపక్కల ఎత్తుకు విమానయానం వాళ్ల పరిమితులు వేరే ఉన్నాయి. కాబట్టి టవరు ఊరి నడిమధ్య నుంచి జారి, ఔటర్ రింగు రోడ్డు పక్కన రాళ్ల గుట్టల మధ్య లేచింది. ఎత్తుకు హద్దు లేదని ఒక చేత్తో చెప్పి, ఆ ఎత్తు పడమటి శివారులో తప్ప ఎక్కడా సాధ్యపడకుండా రెండో చేత్తో చేశాం.

ఇక ధర. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. అప్పట్లో పేపర్లన్నిటిలో మొదటి పేజీ వార్త. ఎకరం వంద కోట్లు పెట్టి కొన్నవాడు ఏం చేయాలి? అక్కడ లక్ష చదరపు అడుగులు కడితే ఒక్కో అడుగు మీద నేల ఖర్చే పదివేల రూపాయలు. సిమెంటు లేదు, స్టీలు లేదు, నేల ఒక్కటే. నాలుగు లక్షల అడుగులు కడితే అది రెండున్నర వేలకు దిగుతుంది. కాబట్టి కట్టి తీరాలి, పైకి వెళ్లి తీరాలి. నేల ధర మండిపోతోంది కాబట్టి ఎత్తు కట్టక తప్పదని బిల్డర్లు అంటారు. నిజమే. మరి నేలకు ఆ ధర ఎందుకు వచ్చింది? ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చని తెలుసు కాబట్టే అంత పాడారు. ధర ఎత్తును పెంచుతుంది, ఎత్తు ధరను పెంచుతుంది. మధ్యలో ఆ నేల అమ్మింది ఎవరు? ప్రభుత్వమే. ఏ పార్టీ ప్రభుత్వమని నేను అనడం లేదు, దయచేసి ఆ గొడవలోకి పోవద్దు. అమ్మేవాడే అనుమతి ఇచ్చేవాడు అయితే ఎత్తుకు హద్దు పెట్టాలన్న తొందర వాడికి ఉంటుందా? ఆ ఒక్క వేలంలోనే దాదాపు 3,300 కోట్లు వచ్చాయి. అందులో ఎంత ఆ ప్రాంతపు మురుగు కాలువకు పోయింది, ఎంత మంచినీటి లైనుకు పోయింది, ఎవరైనా అడిగారా? మనం అడిగామా?

సరే, ఇంత ఎత్తు కడితే బోలెడంత మందికి ఇళ్లు దొరుకుతాయి కదా, అందుకోసమైనా భరించాలి కదా అని అనిపిస్తుంది. ఇంకో లెక్క వేద్దాం. లెక్క కోసమే సుమా. ఎకరంలో నాలుగు లక్షల అడుగులు కట్టాం. అక్కడ అమ్ముతున్న ఫ్లాట్లు వెయ్యి అడుగులవి కావు, మూడువేలు, ఆపైన. మూడువేల చొప్పున వేస్తే ఎకరానికి 133 కుటుంబాలు. ఇప్పుడు మన పాత పద్ధతి ఐదంతస్తుల అపార్ట్‌మెంటు తీసుకోండి. వెయ్యి గజాల స్థలం, అంతస్తుకు నాలుగు, మొత్తం ఇరవై ఫ్లాట్లు. ఎకరం అంటే 4,840 గజాలు. అంటే ఎకరానికి 97 కుటుంబాలు వచ్చాయి. ఐదంతస్తులకు 97, యాభై అంతస్తులకు 133. ఎత్తు పదింతలు, కుటుంబాలు మూడో వంతు ఎక్కువ. మిగిలిన ఆ ఎత్తంతా ఎక్కడికి పోయింది? పెద్ద హాళ్లకు, పక్కన ఇంకో చిన్న హాలుకు, హోం థియేటరుకు, పనిమనిషి గదికి, ఐదు వరసల కారు పార్కింగుకు పోయింది. డబ్బున్నవాళ్లు పెద్ద ఇల్లు కట్టుకోకూడదని నేను అనడం లేదు. అది జనాభా సమస్యకు పరిష్కారమని మాత్రం మనకు చెప్పవద్దు.

జనసాంద్రత అంటే ఎలా ఉంటుందో చూడాలంటే టోక్యో చూడాలి. టోక్యో నడిబొడ్డున ఉన్న 23 వార్డుల విస్తీర్ణం 628 చదరపు కిలోమీటర్లు. మొన్న శివారు పురపాలికలను కలపక ముందు మన జీహెచ్ఎంసీ ఎంత? 650. దాదాపు సమానం. అక్కడ జనం 97 లక్షలు. ఇక్కడ 2011 జనగణనలో 67 లక్షలు, ఇప్పుడు కోటి దాటారంటున్నారు. అంటే విస్తీర్ణమూ ఇంచుమించు అంతే, జనమూ ఇంచుమించు అంతే. టోక్యో అనగానే మనకు షింజుకు టవర్ల ఫోటో గుర్తొస్తుంది. కానీ అక్కడ వార్డులకు వార్డులు రెండు మూడు అంతస్తుల ఇళ్లు, ఆరేడు అంతస్తుల అపార్ట్‌మెంట్లు. 1963 దాకా అసలు 31 మీటర్లు దాటి కట్టనివ్వలేదు. 1968లో కసుమిగసెకిలో 36 అంతస్తులు కట్టినప్పుడు అది దేశానికే వింత. ఆ తర్వాత టవర్లు బాగానే కట్టారు, కాదనను. ఎక్కడ కట్టారు? ఎక్కువగా రైల్వే స్టేషన్ల చుట్టూ. షింజుకు స్టేషను ప్రపంచంలోకెల్లా రద్దీ అయినది, దాని పక్కనే టవర్లు. పొద్దున్న రైలు దిగి నడిచి ఆఫీసుకు పోతారు.

మనకూ రైలుంది. 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తోంది, మూడు లైన్లు కలిపి 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. పడమట రాయదుర్గంలో ఆగిపోతుంది. యాభై అంతస్తులు ఎక్కడ లేస్తున్నాయి? రాయదుర్గం దాటాక. అక్కడి నుంచి కోకాపేట దాకా లైను వేస్తామని రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది, 11 కిలోమీటర్ల పైచిలుకు. ప్రతిపాదనలో ఉంది. టవర్లలో మాత్రం జనం దిగిపోయారు. ఒక్కో ఫ్లాటుకు రెండు కార్లు, కొందరికి మూడు. అవన్నీ పొద్దున్న ఎనిమిదిన్నరకు సెల్లార్ల నుంచి ఒకేసారి బయటికి వస్తాయి. మరోపక్క ముసారాంబాగ్ స్టేషను మెట్లు దిగితే ఏం కనిపిస్తుంది? రెండంతస్తుల షాపు, మీద రేకుల షెడ్డు. స్టేషను ఉన్న చోట ఎత్తు లేదు. ఎత్తు ఉన్న చోట స్టేషను లేదు.

నీళ్ల సంగతి. ఇక్కడ నేను చెప్పేది కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. యాభై అంతస్తుల మీదికి నీళ్లు ఎక్కించడానికి ఎంత కరెంటు కాలిపోతుందో అని జనం బాధపడతారు. బాధపడనక్కరలేదు. వెయ్యి ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. మొత్తం 5 లక్షల 40 వేల లీటర్లు. సగటున వంద మీటర్లు ఎక్కించాలంటే, పంపు నష్టాలు కూడా కలుపుకుని, రోజుకు రెండున్నర వందల యూనిట్లు. ఫ్లాటుకు పావు యూనిటు. మీ ఇంట్లో ఏసీ పది పదిహేను నిమిషాలు తింటుంది అంత! కాబట్టి గేటు నుంచి పైకి ఎక్కించడం సమస్య కాదు. గేటు దాకా రావడమే సమస్య. మన నగరం నీళ్లు కృష్ణ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నుంచి ఎల్లంపల్లి దగ్గర మొదలై దాదాపు 186 కిలోమీటర్లు వస్తున్నాయి. పడమటి శివారుకు ఆ గొట్టం చివరి కొస చేరుతుంది. అది చాలకపోతే ట్యాంకరు. పదివేల లీటర్ల ట్యాంకర్లతో ఆ 5 లక్షల 40 వేలు నింపాలంటే రోజుకు 54 ట్యాంకర్లు. ఒక్క కాంప్లెక్సుకు!

ఆ రాయి సంగతి ముందు గొప్పగా చెప్పాను కదా. దానికి రెండో వైపు కూడా ఉంది. కార్ల కోసం నాలుగు, ఐదు సెల్లార్లు తవ్వుతారు. రాయిని పేల్చి పదిహేను, పదహారు మీటర్లు దిగేసరికి బండ పగుళ్లలోంచి ఊట మొదలవుతుంది. అడుగున మూలలో చిన్న గుంట తీసి అందులో పంపు వేస్తారు. ఇక అది రాత్రీ పగలూ ఆగదు. నాలుగంగుళాల నల్లటి గొట్టం గోతి గోడ మీదుగా పైకి వచ్చి వాన కాలువలో పడుతూ ఉంటుంది. ఎండాకాలంలో ఆ గోతుల అంచున నిలబడి చూడండి. ఈ వైపు గొట్టంలోంచి తేటనీళ్లు రోడ్డు వారగా పారుతుంటాయి. ఆ వైపు గేటులోంచి కూలీల షెడ్లకు, కాంక్రీటు తడిపే క్యూరింగుకు ట్యాంకరు లోపలికి వస్తుంటుంది. చుట్టుపక్కల కాలనీలో బోరు ఎండిపోయిందని వాచ్‌మన్ చెబుతాడు. ఆ ఊటను వడగట్టి సంపులోకి మళ్లించి క్యూరింగుకు వాడండని నేను ప్రతి సైటులోనూ చెప్పేవాణ్ణి. రెండు చోట్ల విన్నారు.

ఇక అగ్నిప్రమాదం. ఎత్తు అనగానే అందరికీ మొదట వచ్చే భయం ఇదే. 2025 నవంబరులో హాంకాంగ్‌లోని తాయ్ పోలో 31 అంతస్తుల నివాస బ్లాకులు తగలబడ్డాయి. ఎనిమిది బ్లాకుల్లో ఏడింటికి మంటలు అంటుకున్నాయి. నూట అరవై మందికి పైగా పోయారు. అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి. చుట్టూ పరంజాకు కట్టిన వలలు, కిటికీలకు అడ్డుగా పెట్టిన ఫోము అట్టలు మంటను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి చేరవేశాయి. అలారాలు సరిగా మోగలేదు. గమనించారా, కాలింది కాంక్రీటు కాదు, దానికి తొడిగిన తొడుగు. మన అగ్నిమాపక శాఖ దగ్గర చాలాకాలంగా ఉన్న పెద్ద నిచ్చెన 54 మీటర్లు అందుకుంటుంది. ప్రపంచంలోనే అన్నిటికన్నా పొడవైనది తెచ్చినా 112 మీటర్లు. 235 మీటర్ల భవనానికి నిచ్చెన ఎక్కడ సరిపోతుంది? సరిపోదు, ఎవరూ సరిపోతుందని అనుకుని కట్టరు. ఎత్తైన భవనంలో మనల్ని కాపాడేది భవనమే. పొగ చొరబడని మెట్లు, ప్రతి అంతస్తులో నీటి గొట్టం, స్ప్రింక్లర్లు, మధ్యమధ్యలో మనుషులు తలదాచుకునే రెఫ్యూజ్ ఏరియా. కొత్త భవనాల్లో ఇవన్నీ ఉంటాయి. పదేళ్ల తర్వాత పనిచేస్తాయా అన్నదే ప్రశ్న. రెఫ్యూజ్ ఏరియాలో టేబుల్ టెన్నిస్ బల్ల వేసిన అసోసియేషన్లు ఉన్నాయి. నవ్వకండి, ఇక్కడ ఆ అసోసియేషన్ సభ్యులే ఉండవచ్చు.

కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. మన నగరంలో ఈ మధ్య అంతటి ఘోరం ఎక్కడ జరిగింది? 2025 మే 18న, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో. 17 మంది పోయారు, ఎనిమిది మంది పిల్లలు. అది రెండంతస్తుల పాత ఇల్లు. లోపలికి ఇరుకు దారి, ఎక్కడానికి ఇరుకు మెట్లు. కాబట్టి ఎత్తు తక్కువైతే భద్రం అనుకోవద్దు.

ఇప్పుడు అందరూ దాటేసే విషయం ఒకటి చెబుతాను. యాభై ఏళ్ల తర్వాత ఏమవుతుంది? మన పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఏం జరుగుతోందో మీకు తెలుసు. ముప్ఫై, నలభై ఏళ్లు అయ్యాయి, స్లాబుల్లో చువ్వ తుప్పు పట్టి పెచ్చులు ఊడుతున్నాయి. యజమానులందరూ కలిసి డెవలపరుకు ఇస్తారు. అతను పడగొట్టి పదంతస్తులు కడతాడు. పాతవాళ్లకు కాస్త పెద్ద ఫ్లాట్లు ఇచ్చి మిగిలినవి అమ్ముకుంటాడు. పైన అమ్ముకోవడానికి అంతస్తులు మిగిలి ఉన్నాయి కాబట్టే ఆ బేరం కుదిరింది. యాభై అంతస్తులు పాతబడితే? దాని మీద ఎవరు నూరంతస్తులు కడతారు? పైన అమ్మడానికి ఏమీ మిగలదు. పడగొట్టే ఖర్చు, మళ్లీ కట్టే ఖర్చు యజమానులే పెట్టుకోవాలి. వంద మందిని ఒప్పించడమే గగనం, ఐదారు వందల మందిని ఎవరు ఒప్పిస్తారు? పడగొట్టడం ఎంత పనో 2022 ఆగస్టులో నోయిడాలో చూశాం. నూరు మీటర్ల జంట టవర్లు, 3,700 కిలోల పేలుడు పదార్థం. అదీ లోపల ఎవరూ కాపురం ఉండని భవనాలు, సుప్రీంకోర్టు తీర్పు చేతిలో ఉంది కాబట్టి సాధ్యపడింది.

దీనికి తోడు యూడీఎస్, అంటే మొత్తం స్థలంలో మీ ఫ్లాటు వాటాకు వచ్చే నేల. ఇందాకటి లెక్కే. ఐదంతస్తుల్లో వెయ్యి అడుగుల ఫ్లాటుకు 50 గజాల నేల మీ పేరున ఉంది. టవరులో మూడువేల అడుగుల ఫ్లాటుకు 36 గజాలు. ఇల్లు మూడింతలు, నేల ముప్పావు వంతు కన్నా తక్కువ. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. టవరు కొన్నవాళ్లు ఎక్కువ కొన్నది పాతబడేదాన్ని.

మరి ఏం చేయాలి? నేను ఒక్కటే అడుగుతాను. మెట్రో స్టేషను చుట్టూ అర కిలోమీటరు తీసుకోండి. మియాపూర్, కూకట్‌పల్లి, నాగోల్, విక్టోరియా మెమోరియల్, ఏదైనా సరే. అక్కడన్నీ రెండు వందల గజాల ప్లాట్లు, ముప్ఫై అడుగుల రోడ్లు. నాలుగైదు ప్లాట్లవాళ్లు కలిసి వస్తే పన్నెండు, పదిహేను అంతస్తులు కట్టుకోనివ్వండి. కలిసినందుకు సెట్‌బ్యాక్ సడలించండి, కార్ల సెల్లార్లు తప్పనిసరి అనకండి, ఫీజు తగ్గించండి. స్టేషను పక్కన ఉన్నవాడికి రెండు కార్లు ఎందుకు? ఆ చుట్టుపక్కల కాలువలు ముందు మార్చండి, అనుమతులు తర్వాత ఇవ్వండి. ప్లాట్లు కలవడం అంత తేలిక కాదని నాకు తెలుసు. ఒక ప్లాటులో అన్నదమ్ముల కోర్టు కేసు ఉంటుంది. ఇంకో ప్లాటు యజమాని డాలస్‌లో ఉంటాడు. నాలుగో ప్లాటువాడు వాస్తు ఒప్పుకోలేదంటాడు. అందుకే ప్రభుత్వం మధ్యలో నిలబడి ఆ కలపడం చేయించాలి. ఔటరు పక్కన ఎకరాలు వేలం వేసినంత సులువుగా డబ్బు రాదు కాబట్టి ఆ పనికి ఎవరూ పూనుకోవడం లేదు. ఇక కోకాపేటలో, నార్సింగిలో రైలు వచ్చాక యాభై కట్టండి, అరవై కట్టండి. నేనే వచ్చి డిజైను చూసి పెడతాను. రైలు రాకముందు వద్దు.

ప్రశ్నలకు సమయం ఉందన్నారు. అమ్మా, మీరు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, చెప్పండి.

వాళ్ల అబ్బాయి 38వ అంతస్తులో ఫ్లాటు చూశాడట. తీసుకోవచ్చా అని అడుగుతున్నారు.

తీసుకోవద్దని నేను చెప్పలేనమ్మా, 38 అయినా నాలుగు అయినా చూసుకోవాల్సినవి చూసుకుని తీసుకోమనండి. ప్రీలాంచ్ అని, అంటే అనుమతులు రాకముందే అమ్ముతూ, యూడీఎస్ రిజిస్టరు చేస్తామంటే ఆ గేటు దాటి లోపలికి కూడా వెళ్లవద్దనండి. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు ఉందా, ఆ రెరా వెబ్‌సైటులో ప్లాను ఎన్ని అంతస్తులకు ఉంది, అమ్మేవాళ్లు ఎన్ని అంతస్తులు చెబుతున్నారు, రెండూ ఒకటేనా చూడమనండి. ఫ్లాటుకు ఎన్ని గజాలు వస్తాయో కాగితం మీద రాయించుకోమనండి. మంచినీటి కనెక్షను మంజూరైందా, లేక ట్యాంకర్లతో నడిపిస్తారా అని అడగాలి. అంతస్తుకు ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని లిఫ్టులు, అందులో స్ట్రెచరు పట్టే లిఫ్టు ఎన్ని అని అడగాలి. మీరు కూడా అక్కడే ఉంటారు కదా, ఆ ఆఖరి ప్రశ్న మీ కోసం. మెయింటెనెన్సు అడుగుకు ఇంత అని చెబుతారు, దాన్ని పదేళ్లకు లెక్క వేసి చూడమనండి. కార్పస్ ఫండు, అంటే భవనం నిర్వహణకు ముందే వసూలు చేసే నిధి, ఎవరి ఖాతాలో ఉంటుందో కూడా తెలుసుకోమనండి. సేల్ అగ్రిమెంటు ఇంకా సంతకం చేయలేదు కదా? చేయలేదా, మంచిది. ఒక జీరాక్సు కాపీ తెచ్చి ఇవ్వండి, చదివి చెబుతాను.